పొద్దున్నే మూడుసార్లు పోతుంది, తర్వాత రోజంతా బానే ఉంటుంది

అక్క ఫోన్ చేసి "కంప్యూటర్‌కి మళ్ళీ ఫార్మాట్ కొట్టాలంటున్నారు రా" అంది. మూడు నెలల్లో ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ నేనే "సరేలే, కొట్టించెయ్" అన్నాను, పనిలో ఉన్నాను, ఫోన్‌లో ఏం చూడగలం అనుకున్నాను, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

అక్క అనువాదాలు చేస్తుంది. రోజుకి ఆరేడు గంటలు ఆ డెస్క్‌టాప్ ముందే. మొదటి ఫార్మాట్‌కి ముందు డాక్యుమెంట్లు, ఫోటోలు, డెస్క్‌టాప్ మీదున్న ఫోల్డర్లు అన్నీ కాపీ చేసి పెట్టారు, ఆ విషయంలో టెక్నీషియన్ జాగ్రత్తగానే ఉన్నాడు. కానీ ఎనిమిదేళ్ళుగా స్పెల్‌చెక్ డిక్షనరీలో తను ఒక్కొక్కటిగా చేర్చుకున్న మాటలున్నాయి, మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, సాంకేతిక పదాలు, ఒకే పదాన్ని పుస్తకమంతా ఒకేలా రాయడానికి పెట్టుకున్న గుర్తులు. అవి డాక్యుమెంట్స్ ఫోల్డర్లో ఉండవు, సి డ్రైవ్‌లో ఎక్కడో లోపల ఉంటాయి. అవి పోయాయని అక్కకి తెలిసింది వారం తర్వాత, స్క్రీన్ మీద తన మాటలన్నిటి కిందా ఎర్ర గీతలు వచ్చినప్పుడు. "డేటా అంతా ఉంది కదా" అని అందరం అన్నాం. తనకి అదే డేటా.

ఆన్ చేయగానే క్రాష్ అవుతున్న కంప్యూటర్‌కి మొట్టమొదటి పనిగా ఫార్మాట్ చేయడం తప్పు అని నేనిప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. డేటా పోతుంది, టైమ్ పోతుంది, అవి అందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకుంటున్నది వేరే. ఫార్మాట్ వల్ల అసలు జబ్బు ఎక్కడుందో చెప్పే ఆనవాళ్ళు చెరిగిపోతాయి, అంతటితో ఆగకుండా లేని ఆనవాళ్ళు కొత్తగా పుట్టుకొస్తాయి. ఈ రెండోది నాకు ఈ మూడు నెలల్లోనే అర్థమైంది.

"ఆన్ అవ్వట్లేదు" అంటే ఏంటి

మూడోసారి ఫోన్ వచ్చినప్పుడు పని పక్కన పెట్టి కూర్చున్నాను.

"ఆన్ చేస్తే ఏమవుతోంది అక్కా?"

"ఆన్ అవ్వట్లేదు."

"అసలు లైటే వెలగట్లేదా?"

"లైటొస్తుంది, ఫ్యాన్ తిరుగుతుంది, కంపెనీ బొమ్మ వస్తుంది, దాని కింద చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి చూడు, అక్కడ పోతుంది."

"పోవడం అంటే? నీలం స్క్రీన్ ఏమైనా వస్తోందా, ఇంగ్లీషులో ఏదైనా రాసి?"

"ఏమీ రాదు. టక్కున ఆరిపోయి మళ్ళీ దానంతటదే మొదలవుతుంది."

"అలా ఎన్నిసార్లు?"

"పొద్దున్నే మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు. తర్వాత వచ్చేస్తుంది. ఒకసారి వచ్చిందంటే రోజంతా బానే ఉంటుంది."

సగం రోగ నిర్ధారణ ఆ చివరి వాక్యంలోనే ఉంది. రెండు ఫార్మాట్లు అయినా ఆ మాట టెక్నీషియన్‌కి చేరలేదు, ఎందుకంటే అతను అడగలేదు, నేనూ అడగలేదు, అక్కకేమో అది చెప్పాల్సిన విషయమని తెలీదు.

"ఆన్ అవ్వట్లేదు" అనే ఒక్క మాట కింద కనీసం అరడజను వేర్వేరు జబ్బులుంటాయి. బటన్ నొక్కిన క్షణం నుంచి మన డెస్క్‌టాప్ కనిపించేదాకా కంప్యూటర్ మెట్లు ఎక్కినట్టు ఎక్కుతుంది. ముందు ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంట్‌ని కంప్యూటర్‌కి తగ్గట్టు మార్చే డబ్బా) కరెంట్ ఇచ్చి, వోల్టేజీలు నిలకడగా ఉన్నాయని మదర్‌బోర్డుకి ఒక సిగ్నల్ పంపాలి. అది అందాక ప్రాసెసర్ లేచి మదర్‌బోర్డులోనే ఉండే బయోస్ అనే ప్రోగ్రామ్‌ని నడుపుతుంది, అది ర్యామ్‌నీ గ్రాఫిక్స్‌నీ పరీక్షించుకుంటుంది, తర్వాత డిస్క్ మీద విండోస్‌ని వెతికి దానికి పగ్గాలు అప్పగిస్తుంది, విండోస్ తన కెర్నల్‌నీ (దాని గుండెకాయ లాంటి భాగం) డ్రైవర్లనీ (ఒక్కో పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాములు) ఎక్కించుకుంటుంది, ఆ తర్వాతే లాగిన్, ఆపైన మనం పెట్టుకున్న స్టార్టప్ ప్రోగ్రాములు. ఏ మెట్టు మీద పడిందో తెలిస్తే, దాని కింద మెట్లు చాలావరకు గట్టిగానే ఉన్నట్టు. కంపెనీ బొమ్మ కూడా రాకుండా బీప్‌లు కొడుతుంటే విండోస్‌ని ఫార్మాట్ చేసి ఏం లాభం, అసలు విండోస్ దాకా వెళ్ళనే లేదు కదా. లాగిన్ అయ్యాక, ఐకాన్లన్నీ వచ్చాక రెండు నిమిషాలకి హ్యాంగ్ అవుతుంటే దాని కథ వేరు, అక్కడ స్టార్టప్ ప్రోగ్రాముల్లో సగం ఆపి చూడటం, తప్పు ఏ సగంలో ఉందో తెలిశాక అందులో మళ్ళీ సగం ఆపడం, అలా పదహారు ప్రోగ్రాములున్నా నాలుగు రీస్టార్ట్‌లలో దొంగ దొరుకుతాడు.

బటన్ నొక్కిన నాలుగు సెకన్లకే లెక్కగా ఆరిపోతుంటే నేనైతే ముందు క్యాబినెట్ మీదున్న పవర్ బటన్‌ని అనుమానిస్తాను. బటన్ లోపలికి వెళ్ళి ఇరుక్కుపోతే మదర్‌బోర్డు దాన్ని "ఎవరో బటన్ నొక్కి పట్టుకున్నారు" అనుకుంటుంది, నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే బలవంతంగా ఆపెయ్యడం దాని డ్యూటీ. కొత్తగా డీడీఆర్5 అనే రకం ర్యామ్ వేసిన మెషీన్‌లో దీనికి పూర్తిగా ఉల్టా, మొదటిసారి ఆన్ చేస్తే ర్యామ్‌తో సర్దుకోడానికే కొన్ని నిమిషాలు నల్ల స్క్రీన్ ఉండొచ్చు, పోయిందనుకుని కరెంట్ తీసేస్తే ఆ పని మళ్ళీ మొదటికొస్తుంది. ఇలాంటివన్నీ "ఆన్ అవ్వట్లేదు" లోనే పడిపోతాయి.

అందుకే ఫోన్‌లో ఎవరైనా ఇలా అడిగితే ఇప్పుడు రెండే అడుగుతున్నాను. ఎక్కడ ఆగుతోంది? ఎప్పుడు ఆగుతోంది?

ఫార్మాట్ పుట్టించిన అబద్ధం

అక్క మెషీన్ మొదటి ఫార్మాట్ తర్వాత నాలుగు రోజులు శుభ్రంగా పనిచేసింది. ఐదో రోజు పొద్దున మళ్ళీ మొదలు. రెండో ఫార్మాట్ తర్వాత కూడా అంతే, మూడు రోజులు బాగుంది, నాలుగో రోజు మళ్ళీ. దీన్నిబట్టి టెక్నీషియన్‌కి ఒక సిద్ధాంతం దొరికింది, ఫార్మాట్ తర్వాత అక్క ఏదో సాఫ్ట్‌వేర్ వేస్తోంది, అదే మెషీన్‌ని పాడుచేస్తోంది అని. వినడానికి ఎంతో సమంజసంగా ఉంది, నేనూ నమ్మాను. అక్క పాపం తను వేసే ఫాంట్లని, కీబోర్డ్ ప్రోగ్రామ్‌ని అనుమానించి ఒక్కొక్కటీ తీసేసుకుంటూ వచ్చింది.

మూడోసారి ఫోన్‌లో అడిగితే అసలు సంగతి తేలింది. ఫార్మాట్ చేసిన ప్రతిసారీ బ్యాకప్ నుంచి ఫైళ్ళన్నీ దింపుకోడానికి ఆ మూడు నాలుగు రోజులూ మెషీన్‌ని రాత్రిళ్ళు కూడా ఆన్‌లోనే ఉంచేసింది. అంటే ఆ రోజుల్లో అది అసలు చల్లారనే లేదు. దింపుకోవడం అయిపోయాక మామూలుగా రాత్రి షట్‌డౌన్ చేసింది, తెల్లారి మళ్ళీ పాత కథే.

టెక్నీషియన్ దగ్గర జరిగిందీ అదే. అతను బల్ల మీద పెట్టి ఆన్ చేస్తే రెండుసార్లు ఆరి తర్వాత వచ్చేది, ఓఎస్ ఎక్కించడానికి రెండు గంటలు, ఆ రెండు గంటల్లో మెషీన్ బాగా వేడెక్కేది, ఆ తర్వాత అతను అయిదారుసార్లు రీస్టార్ట్ చేసి చూపిస్తే ప్రతిసారీ గంట కొట్టినట్టు వచ్చేది. అతను అబద్ధం చెప్పలేదు, అక్క ఎదురుగానే చూపించాడు, ఫార్మాట్‌కి ముందు పోతోంది, ఫార్మాట్ తర్వాత పోవట్లేదు. మధ్యలో మారింది విండోస్ ఒక్కటేనని ఇద్దరూ అనుకున్నారు. వేడి కూడా మారిందని ఎవరికీ తట్టలేదు.

ఇలాంటిదే ఒక స్నేహితుడి మెషీన్‌లో అంతకుముందు చూశాను, అప్పట్లో దాని అర్థం నాకు సరిగ్గా పట్టుబడలేదు. అతనికి నీలం స్క్రీన్ వచ్చేది, బూట్ డివైస్ అందట్లేదని. ఫార్మాట్ చేశారు, బాగైపోయింది. ఏడాదిలో మళ్ళీ అదే. అసలు కారణం మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత ఉండే సీఆర్ 2032 బ్యాటరీ, మూడు వోల్ట్‌లది, అది అయిపోయింది. రాత్రి ప్లగ్ తీసేస్తే బయోస్ సెట్టింగులన్నీ ఫ్యాక్టరీలో ఉన్నట్టు మారిపోయేవి, అందులో డిస్క్ కంట్రోలర్ మోడ్ కూడా ఒకటి. విండోస్ ఒక మోడ్‌లో ఇన్‌స్టాల్ అయ్యి ఇంకో మోడ్‌లో లేస్తే దాని డిస్క్ దానికే కనపడదు. ఫార్మాట్ చేసినప్పుడు కొత్త విండోస్ ఆ మారిన మోడ్‌కి తగ్గ డ్రైవర్‌తోనే ఎక్కింది కాబట్టి పనిచేసింది. తర్వాత ఎవరో బయోస్‌లోకి వెళ్ళి పాత సెట్టింగులు సరిచేసి పెట్టారు, బ్యాటరీ మాత్రం అదే ఉంది, కొన్నాళ్ళకి మళ్ళీ అన్నీ ఎగిరిపోయాయి, ఈసారి ఉల్టాగా. ఇంతకీ పొద్దున్నే గడియారంలో ఎప్పటిదో పాత తేదీ కనిపిస్తోందని అతను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాడు. దానికీ దీనికీ సంబంధం లేదని అందరం తీసిపారేశాం.

ఇక ఆనవాళ్ళు చెరిగిపోవడం సంగతి. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఒకటుంటుంది, దాంట్లో దాదాపు ప్రతి అర్ధాంతరపు చావూ నమోదవుతుంది, కెర్నల్-పవర్ 41 అనే పేరుతో. చాలామంది దాన్ని చూసి "పవర్ ప్రాబ్లమ్ అని రాసుంది" అనుకుంటారు, అది పొరపాటు, పోయినసారి సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది అని తర్వాతి బూట్‌లో విండోస్ రాసుకునే నోట్ అది. దాన్ని తెరిస్తే లోపల బగ్‌చెక్ కోడ్ అని ఒక అంకె ఉంటుంది. అక్కడ ఏదైనా అంకె ఉంటే విండోస్‌కి తప్పు తెలిసి తనే ఆగింది, మినీడంప్ అనే ఫోల్డర్లో దాని వివరం ఒక డంప్ ఫైల్‌గా ఉండే అవకాశం ఉంది. సున్నా ఉంటే, డంప్ ఫైల్ కూడా లేకపోతే, చాలాసార్లు విండోస్‌కి ఒక్క అక్షరం రాసుకునే వ్యవధి కూడా దొరకలేదన్నమాట. అక్కతో ఆ లిస్టు తెరిపించాను. రెండో ఫార్మాట్ తర్వాతవి మాత్రమే ఉన్నాయి, పదకొండు ఎంట్రీలు, అన్నిట్లోనూ సున్నా, అన్నీ పొద్దున ఏడూ ఎనిమిది మధ్యలోనే. అంతకుముందు రెండు నెలలవి ఫార్మాట్‌తో పోయాయి. మొదటి రోజే ఎవరైనా ఆ పేజీ తెరిచి ఉంటే టైమ్ కాలమ్ చూసే చెప్పేసేవాళ్ళు.

నా రెండు తప్పు అంచనాలు

ఇంత చెప్పాక నేను సూటిగా జవాబు దగ్గరికి వెళ్ళిపోయానని రాస్తే అది నిజం కాదు. పదకొండు సున్నాలు చూసి కూడా నేను ముందు పట్టుకున్నది ఫాస్ట్ స్టార్టప్‌ని. విండోస్ 8 నుంచి ఉన్న సదుపాయం ఇది, మనం షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆపకుండా కెర్నల్‌ని డిస్క్ మీద ఒక ఫైల్‌గా దాచి, మర్నాడు దాన్నే మళ్ళీ పైకి తెస్తుంది. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అంతా మొదటినుంచి లోడ్ చేస్తుంది. అందుకే చెడిపోయిన డ్రైవర్ స్థితి ఒకటి షట్‌డౌన్ చేసినా వదలకుండా వెంటాడటం, రీస్టార్ట్ చేస్తే పోవడం జరుగుతుంది. పొద్దున్నే ఆన్ చేస్తే పోతుంది, పగలు రీస్టార్ట్ చేస్తే పోదు అనే లక్షణానికి ఇదీ అచ్చంగా సరిపోతుంది. ఒకే లక్షణానికి రెండు కారణాలు, ఒకటి సాఫ్ట్‌వేర్‌ది, ఒకటి హార్డ్‌వేర్‌ది, నాకు తెలిసినదాన్ని నేను ఎంచుకున్నాను.

అది ఆపించాక రెండు పొద్దుళ్ళు ఏ గొడవా లేకుండా వచ్చింది. అక్క సంతోషంగా ఫోన్ చేసింది. మూడో పొద్దున మళ్ళీ మూడుసార్లు పోయింది.

ఈ రెండు రోజుల విషయం మీద చాలాసేపు ఆలోచించాను. అప్పుడప్పుడూ వచ్చే జబ్బుకి "తగ్గింది" అని ఎప్పుడు చెప్పాలి? ఉదాహరణకి రెండు రోజులకోసారి పోయే మెషీన్ అనుకుందాం, అంటే ఏ రోజైనా పోవడానికి సగం అవకాశం. మనం ఏమీ చేయకపోయినా రెండు రోజులు వరసగా బాగుండే అవకాశం నాలుగింట ఒకటి. అది చాలా ఎక్కువ. ఐదు రోజులు వరసగా బాగుంటే ముప్పై రెండింట ఒకటి, అప్పుడు కాస్త నమ్మొచ్చు. అక్క మెషీన్ వారంలో ఒకటి రెండు రోజులు మంచిగా వచ్చేదే, కాబట్టి నేను రెండు రోజులు చూసి గెలిచాననుకోవడం, టెక్నీషియన్ అయిదు రీస్టార్ట్‌లు చూసి అయిపోయిందనడం ఒక్కటే తప్పు. అతని మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు ఆ రోజుతో సగం పోయింది.

రెండో అంచనా ర్యామ్. వారాంతం వెళ్ళి క్యాబినెట్ విప్పాను, ప్లగ్ తీసేసి, ర్యామ్ రెండు స్టిక్‌లూ తీసి శుభ్రం చేసి మళ్ళీ క్లిక్ మనేదాకా నొక్కి పెట్టాను. బంగారు రంగు కాళ్ళని రబ్బరుతో రుద్దడం చాలామందికి అలవాటు, ఆ పూత చాలా పలచన కాబట్టి నేను ఆల్కహాల్ అద్దిన గుడ్డతోనే తుడుస్తాను. బయోస్‌లో ర్యామ్ స్పీడ్ ప్రొఫైల్ ఆపేసి మామూలు స్పీడ్‌కి తెచ్చాను. రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ పెట్టి పడుకున్నాను, తెల్లారి చూస్తే నాలుగు పాస్‌లు, ఒక్క ఎర్రర్ లేదు. ర్యామ్ మంచిదే అని తేల్చేశాను. తర్వాత ఆలోచిస్తే ఆ పరీక్షలో కూడా అదే లోపం ఉంది, పగలంతా నడిచి వెచ్చగా ఉన్న మెషీన్ మీద నేను దాన్ని మొదలుపెట్టాను.

పదిహేను నిమిషాలు

చివరికి పనికొచ్చిన పరీక్షకి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. అక్కకి చెప్పాను, పొద్దున ఆన్ చేయగానే డిలీట్ కీ కొడుతూ ఉండు, బయోస్ స్క్రీన్‌లోకి వెళ్తుంది, అక్కడ ఏమీ ముట్టుకోకు, పదిహేను నిమిషాలు అలా వదిలేసి నీ పని చూసుకో, తర్వాత ఏమీ సేవ్ చేయకుండా బయటికొచ్చి విండోస్‌ని రానివ్వు.

దీని వెనక ఆలోచన ఇది. బయోస్‌లో కూర్చున్నంతసేపూ విండోస్ డిస్క్ మీద నిద్రపోతూనే ఉంటుంది, ఒక్క ఫైల్ మారదు, ఒక్క డ్రైవర్ లేవదు. మారేది వేడి ఒక్కటే. జబ్బు విండోస్‌దైతే పదిహేను నిమిషాల తర్వాతైనా చుక్కల దగ్గర పడాలి. పడకపోతే ఇక విండోస్‌ని తిట్టడం మానేయొచ్చు.

ఐదు పొద్దుళ్ళు అలా చేసింది. ఐదుసార్లూ మొదటి ప్రయత్నంలోనే వచ్చింది. ఆరో రోజు కావాలని పదిహేను నిమిషాలు ఆగకుండా ఆన్ చేసింది, రెండుసార్లు పోయింది. ఏడో రోజు ఆగింది, వచ్చింది. ఆ రోజు అక్క గొంతులో ఉన్న తేలిక నాకు గుర్తుండిపోయింది, "అయితే నేను వేసిన ఫాంట్ల వల్ల కాదన్నమాట" అంది. మూడు నెలలుగా తప్పు తనదే అనుకుంటోంది.

చల్లగా ఉంటే రానిది, వెచ్చబడితే వచ్చేది అనగానే కెపాసిటర్లు గుర్తొస్తాయి. ఎస్‌ఎంపీఎస్‌లోనూ మదర్‌బోర్డు మీదా వోల్టేజీని నిలకడగా ఉంచే చిన్న డబ్బాల్లాంటివి, చాలావాటి లోపల ద్రవం ఉంటుంది, ఏళ్ళ తరబడి వేడికి ఆ ద్రవం ఆరిపోతూ ఉంటుంది. ఆరినకొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది, చలికి ఇంకా పెరుగుతుంది, వెచ్చబడితే తగ్గుతుంది. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో నాసిరకం ద్రవం వాడిన కెపాసిటర్ల వల్ల ప్రపంచమంతా లెక్కలేనన్ని మదర్‌బోర్డులు ఉబ్బి పోయాయి, ఆ రోజుల్లో రిపేర్లు చేసినవాళ్ళకి పైకప్పు ఉబ్బిన కెపాసిటర్ చూస్తే ఇంకేం చెప్పక్కర్లేదు. చుక్కలు తిరిగే టైమ్‌లోనే ఎందుకు పడుతోందంటే, విండోస్ డ్రైవర్లు లేచి ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఒక్కసారిగా కరెంట్ లాగేది అప్పుడే, ఆ లాగుడికి వోల్టేజీ క్షణకాలం కుంగితే మదర్‌బోర్డు రీసెట్ అయిపోతుంది. పడిన ప్రతిసారీ లోపల కాస్త వెచ్చబడుతుంది, మూడో నాలుగో సారికి నిలబడుతుంది.

అయినా ఇక్కడ కూడా తొందరపడకూడదు. పదిహేను నిమిషాల పరీక్ష హార్డ్‌వేర్ అని చెప్పింది గానీ ఎస్‌ఎంపీఎస్ అని చెప్పలేదు, మదర్‌బోర్డులో కూడా ఇలాంటి జబ్బే ఉండొచ్చు. మల్టీమీటర్ పెట్టి చూశాను, 12 వోల్ట్ లైన్ 11.9 చూపించింది, 11.4 నుంచి 12.6 దాకా ఉండొచ్చు కాబట్టి పైకి బానే ఉంది. కానీ మామూలు మల్టీమీటర్ సగటు చూపిస్తుంది, సెకనులో వెయ్యో వంతు కుంగుడు దానికి కనపడదు. అందుకని నా మెషీన్‌లో మంచిగా నడుస్తున్న ఎస్‌ఎంపీఎస్‌ని విప్పి, దాని కేబుళ్ళతో సహా తీసుకెళ్ళి పెట్టాను. దాని కేబుళ్ళతో సహా అని ఎందుకంటున్నానంటే, విడిగా ఊడదీసే కేబుళ్ళున్న ఎస్‌ఎంపీఎస్‌లలో ఒకదాని కేబుల్ ఇంకోదానికి దూరినా వైర్ల వరస ఒకటే అనే గ్యారంటీ లేదు, డిస్కులు కాలిపోయే ప్రమాదం ఉంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎవరూ విప్పొద్దు, ప్లగ్ తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో మనిషి ప్రాణానికి ప్రమాదమైనంత కరెంట్ నిలవ ఉండొచ్చు. నేను పాతదాని జాలీలోంచి టార్చ్ వేసి చూశాను, లోపల ఒక కెపాసిటర్ నెత్తి గుండ్రంగా ఉబ్బి గోధుమ రంగు మరక కట్టి ఉంది.

టెక్నీషియన్ వైపు నుంచి

ఈ వాదనకి ఎదురు మాట ఉంది, దాన్ని దాటేసి వెళ్ళడం నాకిష్టం లేదు. నేను అక్క తమ్ముణ్ణి కాబట్టి పద్దెనిమిది రోజులు ఒక మెషీన్ మీద పెట్టగలిగాను. టెక్నీషియన్ బల్ల మీద రోజుకి ఎన్ని ఉంటాయో. అతని దగ్గరికొచ్చే ప్రతి మనిషీ "సాయంత్రానికి కావాలి" అనే అంటాడు, వారం రోజులు పొద్దున్నే ఆన్ చేసి రాసి తీసుకురండి అంటే ఇంకో టెక్నీషియన్ దగ్గరికి వెళ్తాడు. ఫార్మాట్ రెండు గంటల్లో అయ్యే పని, సాఫ్ట్‌వేర్ జబ్బుల్లో చాలావాటికి నిజంగానే పనిచేస్తుంది. వైరస్ లోతుగా పట్టిన మెషీన్‌కైతే నేనూ ఫార్మాటే అంటాను, అక్కడ ఏ ఫైల్‌ని నమ్మాలో తెలీదు కాబట్టి మొత్తం తుడవడమే సరైన పని.

ఇదంతా ఒప్పుకుంటూనే, ఐదు నిమిషాల ప్రశ్నలకి కూడా టైమ్ లేదంటే మాత్రం ఒప్పుకోలేను. ఎక్కడ ఆగుతోంది, ఎప్పుడు ఆగుతోంది, సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే విండోస్ లేచే పద్ధతి) వస్తోందా, ఈవెంట్ వ్యూయర్‌లో ఏముంది, డిస్క్ ఆరోగ్యం ఎలా ఉంది. ఈ చివరిది అడక్కుండా ఫార్మాట్ చేయడం అన్నిటికంటే ప్రమాదం. డిస్క్ చావుబతుకుల్లో ఉంటే, డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే స్మార్ట్ రిపోర్టులో పెండింగ్ సెక్టార్లు (సరిగ్గా చదవలేకపోతున్న చోట్లు) పెరుగుతుంటే, దాని మీద విండోస్ మళ్ళీ రాయడం గానీ, డిస్క్‌లో తప్పులు వెతికే చెక్‌డిస్క్‌తో గంటల తరబడి చదివించడం గానీ మిగిలిన ప్రాణం కూడా తీస్తుంది. ముందు ఫైళ్ళు బయటికి తీయాలి, మిగతావన్నీ ఆ తర్వాతే.

2024 జులై 19న జరిగింది అందరికీ గుర్తుండే ఉంటుంది, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ ఒకటి తప్పుగా వెళ్ళి మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే 85 లక్షల విండోస్ మెషీన్లు ఆన్ చేయగానే నీలం స్క్రీన్‌తో పడిపోతూ ఉండిపోయాయి. చాలా చోట్ల విమానాలు, ఆసుపత్రుల పనులు, బ్యాంకులు ఆగిపోయాయి. బయటపడే దారి ఏంటంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఒక్క ఫైల్ డిలీట్ చేయడం. ఎక్కడ ఆగుతోందో, సేఫ్ మోడ్‌లో వస్తోందో లేదో చూడకుండా ముందే తుడిచేసినవాళ్ళు ఉంటే వాళ్ళు మొత్తం పోగొట్టుకున్నది ఒక్క ఫైల్ కోసం. అందులో కూడా బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) ఉన్నవాళ్ళకి 48 అంకెల రికవరీ కీ కావాల్సొచ్చింది, అది ఎక్కడుందో తెలియక చాలా చోట్ల పని ఆగింది, కాబట్టి ఇది చదివేవాళ్ళు మెషీన్ బాగున్నప్పుడే ఆ కీ ఎక్కడుందో చూసి రాసిపెట్టుకోండి, బయోస్‌లో ఏదైనా మార్చినా అది అడగొచ్చు.

ఆ సంఘటనలోనే నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఇంకోటుంది. కొన్ని మెషీన్లు పదిహేనుసార్ల దాకా మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్ చేస్తే వాటంతటవే బాగయ్యాయి. పడిపోయేలోపు నెట్‌వర్క్ ఒక్క క్షణం ముందు లేస్తే సరిచేసిన ఫైల్ వచ్చేసేది, అదీ కారణం. బయటినుంచి చూస్తే అక్క మెషీన్ చేసిందీ ఇదే, పడుతూ పడుతూ చివరికి లేవడం. లోపల ఒకచోట ఫైల్, ఇంకోచోట ఆరిపోయిన కెపాసిటర్. లక్షణం ఒకటే అయినప్పుడు మందు కూడా ఒకటే అనుకోవడం దగ్గరే నాకు ఈ మొత్తం వ్యవహారంలో పేచీ.

కొత్త ఎస్‌ఎంపీఎస్ వేసి నలభై రోజులైంది. క్యాబినెట్ పక్కన అక్క ఒక తెల్లకాగితం అంటించింది, ఆన్ చేసిన టైమ్, వచ్చిందా లేదా, రాకపోతే ఎక్కడ ఆగింది. ముప్పై తొమ్మిది టిక్కులున్నాయి. ఇరవై రెండో రోజు దగ్గర మాత్రం తన గుండ్రటి అక్షరాలతో "7.40, నీలం స్క్రీన్, మెమరీ మేనేజ్‌మెంట్ అని రాసింది, ఒక్కసారే" అని ఉంది. ఈసారి అది టక్కున ఆరిపోలేదు, విండోస్‌కి తప్పు తెలిసి తనే ఆగింది, డంప్ ఫైల్ కూడా ఉంది. అక్క దాన్ని ఫోన్‌లో చదివి వినిపించినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ రాత్రి వెచ్చటి మెషీన్ మీద పెట్టిన మెమ్‌టెస్ట్. ఈ ఆదివారం వెళ్తున్నాను, శనివారం సాయంత్రం నుంచే ఆపి ఉంచమన్నాను, ర్యామ్ ఒక్కో స్టిక్ విడివిడిగా పెట్టి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు టెస్ట్ మొదలుపెడతాను.